గోల్డెన్‌రాడ్ పూలతో ఇంటి అలంకరణ: అమెరికాలో కాపురం పెట్టిన మనుమరాలికి

గోల్డెన్‌రాడ్ చామంతి, బంతి, పొద్దుతిరుగుడు పూల కుటుంబానికి చెందిన మొక్క. వందకు పైగా ఉన్న రకాల్లో ఎక్కువ భాగం ఉత్తర అమెరికావే. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడి రోడ్ల పక్కన, బీడు నేలల్లో విరగబూస్తుంది. నెబ్రాస్కా 1895లో, కెంటకీ 1926లో దీన్ని తమ రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్నాయి. మన పూల దుకాణాల్లో గులాబీ బొకేల మధ్య పసుపు నురగలా కనిపించేదీ ఇదే.

దూరం నుంచి అది ఒకే కుచ్చులా కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుని చూస్తే చాలా రకాల్లో రెమ్మ విల్లులా వంగి, దాని పైవైపునే మెంతిగింజంత పూలు బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక బుల్లి చామంతే.

ఈ పూలు ఇంట్లోకి తెస్తే తుమ్ములు పట్టుకుంటాయని చాలామంది భయపడతారు. అది చేయని తప్పుకు మోస్తున్న నింద. దీని పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది; తేనెటీగల కాళ్లకు అంటుకుని పోవలసిందే కానీ గాలికి లేవదు. అదే రోజుల్లో, అదే పొదల పక్కన, కంటికి ఆనని ఆకుపచ్చ పూలు పూసే రాగ్‌వీడ్ పుప్పొడి మాత్రం గాలిలో తేలిపోతుంది. తుమ్ములకు అసలు కారణం అది. అయితే చామంతి జాతి పూలు ముట్టుకుంటే ఒళ్లు దురద పెట్టేవాళ్లు దీన్నీ దూరంగా ఉంచడం మంచిది.

అలంకరణ అంతా కోతలోనే ఉంది. కుచ్చులో మూడోవంతు నుంచి సగం దాకా పూలు విచ్చినప్పుడే, పొద్దున్నే కోయాలి. పూర్తిగా విచ్చాక కోస్తే కొద్దిరోజుల్లోనే దూదిలా మారి ఇల్లంతా రాలుతుంది. కోసిన కొమ్మలను ముందు గుమ్మం బయటే బాగా దులపాలి. పురుగులు, సాలీళ్లు వాటిలో దాగి ఉంటాయి. నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం పైనే నిలుస్తాయి. ఊదారంగు ఆస్టర్ పూలు అదే కాలంలో పూస్తాయి. ఇత్తడి చెంబులో ఆ రెండూ కలిపి పెడితే వేరే అలంకారం అక్కర్లేదు.

దసరా, బతుకమ్మ రోజులు కూడా అప్పుడే వస్తాయి. తంగేడు దొరకని చోట ఆ పసుపుదనం ఈ పూలలో ఉంది. ఎండబెట్టాలంటే చిన్న కట్టలుగా కట్టి, వెలుతురు తగలని, గాలి ఆడే చోట తలకిందులుగా రెండు మూడు వారాలు వేలాడదీస్తే చాలు. చలికాలమంతా ఉంటాయి.

పార్కుల్లో కోయకూడదు, ఇతరుల నేలలో అడగనిదే కోయకూడదు. మెక్సికోకు వలసపోయే మొనార్క్ సీతాకోకచిలుకలకు దారిబత్తెం ఈ పూల తేనె. ఒక్కో గుబురులో రెండు మూడు కొమ్మలే తీసుకుని, మిగిలినవి వాటికి వదలాలి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ