ఉప్పలపాడు చెరువులో గూడబాతులు

గుంటూరు మిర్చి యార్డు మనకు తెలుసు. పెద్దాసుపత్రి తెలుసు. ఉప్పలపాడు పక్షుల చెరువు మాత్రం చాలామంది చూడలేదు. అది పెదకాకాని మండలంలో ఉంది. గుంటూరు నుంచి ఏడెనిమిది కిలోమీటర్లే.

అది అడవి కాదు. ఊరి చెరువు. నీళ్ల మధ్య తుమ్మచెట్లు ఉన్నాయి. చలికాలంలో వేల పక్షులు అక్కడ చేరతాయి. దూరం నుంచి చూస్తే చెట్లకు పత్తి పగిలినట్టు ఉంటుంది.

ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు అక్కడ ఉంటాయి. వాటితోపాటు గూడబాతు ఉంటుంది. దీన్నే పెలికాన్ అంటారు. నాలుగైదు కిలోలు తూగుతుంది. రెక్కలు చాపితే మనిషి నిలువు కంటే ఎక్కువే. దాని ముక్కు కింద సంచి ఉంటుంది. చేపలు దాచుకునే సంచి అని కొందరు అనుకుంటారు. కాదు, అది వల లాంటిది. చేపతోపాటు నీళ్లూ సంచిలోకి వస్తాయి. నీళ్లు వదిలేసి చేపను మింగుతుంది. గూటికి వచ్చి నోరు తెరుస్తుంది. పిల్ల అందులో తల దూర్చి తింటుంది.

నీళ్ల మధ్య చెట్టే ఎందుకు? అక్కడికి కుక్క రాదు, పిల్లి రాదు. చెరువు ఎండితే ఆ కాపలా పోతుంది. గూళ్లకు చెట్లు చాలక ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు. ఊరివాళ్లు రెట్టల వాసన ఓర్చుకుంటారు. పక్షుల మీద రాయి వేయనివ్వరు.

మరి ఇన్ని పక్షులకు ఒక్క చెరువులో చేపలు చాలతాయా? చాలవు. అవి చుట్టుపక్కల కాలువలకు, చెరువులకు, పొలాలకు మేతకు పోతాయి. అంటే మన దగ్గరికే వస్తాయి.

మనం మిర్చికి, పత్తికి మందు కొడతాం. డబ్బా, పంపు ఎక్కడ కడుగుతాం? కాలువలోనే కదా! ఆ మందు నీళ్లలో కలుస్తుంది. చేపలోకి పోతుంది. చేపను తిన్న పక్షిలోకి పోతుంది.

డి.డి.టి. సంగతి చూడండి. అది పక్షి కొవ్వులో పేరుకుంటుంది. గుడ్డు పెంకు పలచబడుతుంది. తల్లి పొదగటానికి కూర్చుంటే గుడ్డు చితుకుతుంది. అమెరికాలో ఒక జాతి గూడబాతులు ఇలాగే తగ్గిపోయాయి. 1972లో అక్కడ ఆ మందును ఆపారు. తర్వాత అవి మళ్లీ పెరిగాయి. మన దేశంలో పొలాల్లో డి.డి.టి. వాడకాన్ని 1989లో ఆపారు.

ఇప్పటి మందులు వేరు. వాటిలో కొన్ని చేపను అక్కడికక్కడే చంపుతాయి. ఆ కాలువ నీళ్లే గేదె తాగుతుంది. కింద ఊరి ఆడవాళ్లు బిందె ముంచేదీ అక్కడే.

కాబట్టి ఖాళీ డబ్బాలో నీళ్లు పోసి మూడుసార్లు తొలచాలి. ఆ నీళ్లు పంపులోనే పోసి చేనుకే కొట్టాలి. పంపును కూడా చేలోనే కడగాలి. డబ్బాకు చిల్లు పొడవాలి. లేకపోతే ఎవరో ఒకరు అందులో నూనె పోసుకుంటారు.

ఉప్పలపాడు వెళితే సాయంత్రం పూట వెళ్లండి. మేతకు పోయిన పక్షులు అప్పుడు గుంపులుగా తిరిగి వస్తాయి. పిల్లలను తీసుకెళ్లండి. అరవవద్దని ముందే చెప్పండి. బెదిరిన తల్లి గూడు వదిలి లేస్తే, కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోతుంది.