డేటాబేస్ తీసేయడమూ నేర్వాలి

అమీర్‌పేటలో నేర్చుకున్నా, ఆన్‌లైన్‌లో నేర్చుకున్నా డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సు మొదలయ్యేది సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్‌తో, కొత్త డేటాబేస్ సృష్టితో. కొలువులో చేరాక మరో పని ఎదురవుతుంది. అవసరం తీరిన డేటాబేస్‌ను సర్వర్ మీద ఆనవాలు లేకుండా తీసేయాలి. ప్రాజెక్టు ముగిసిన టెస్ట్ డేటాబేస్, కొత్త సర్వర్‌కో క్లౌడ్‌కో మారాక మిగిలిన పాతది, సగంలో ఆగిపోయిన క్లోన్... ఇవన్నీ డిస్కును తింటూనే ఉంటాయి. ఒరాకిల్‌లో డీబీసీఏ అనే టూల్ ఈ పని చేసిపెడుతుంది. అది మధ్యలో ఆగిపోతే మాత్రం డీబీఏ చేతులతో చేయాల్సిందే.

ఈ పని శుభ్రంగా చేసినవారికి డేటాబేస్‌లో ఏ భాగం ఎక్కడుంటుందో తెలిసినట్టే. ఫ్రెషర్లు దీన్ని ప్రత్యేకంగా సాధన చేయాల్సింది అందుకే.

ముందు చూసుకోవాల్సినవి

మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: ఇప్పుడు లాగిన్ అయి ఉన్నది ఏ సర్వర్‌లో, ఏ డేటాబేస్‌లో? హోస్ట్‌నేమ్ చూడాలి. ఒరాకిల్ ఎస్‌ఐడీ విలువ చూడాలి. అంతటితో ఆగకుండా వీ డాలర్ డేటాబేస్ వ్యూలో పేరు, డీబీఐడీ సరిచూసి, అనుమతి పత్రంలో ఉన్నవాటితో పోల్చాలి. వీ డాలర్ సెషన్ చూస్తే ఇంకా ఎవరైనా దాన్ని వాడుతున్నారేమో బయటపడుతుంది. ఎవరూ వాడటం లేదని మాట వరసకు ఎవరో చెప్తే చాలదు. డేటా సొంతదారుల నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి.

చివరి బ్యాకప్ తీశాక దాన్ని వేరే సర్వర్‌లో రిస్టోర్ చేసి చూడాలి. ఎన్నాళ్లు దాచాలన్నది చట్టంతోనూ ముడిపడి ఉంటుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఖాతా పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. మరోవైపు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సేకరించిన ప్రయోజనం తీరిపోయిన వ్యక్తిగత డేటాను చెరిపేయమంటుంది. రెంటికీ సరిపడేలా ఏది ఉంచాలో, ఏది తీయాలో సంస్థలోని న్యాయ, ఆడిట్ విభాగాలు చెప్పాలి. వాళ్లను అడగాల్సిన బాధ్యత డీబీఏది.

కమాండ్ తీసేది, మిగిల్చేది

ఒరాకిల్ 10జి నుంచి డ్రాప్ డేటాబేస్ కమాండ్ ఉంది. దాన్ని నడపాలంటే డేటాబేస్‌ను షట్‌డౌన్ చేసి, రిస్ట్రిక్ట్ పద్ధతిలో మౌంట్ దశ వరకే లేపాలి. మౌంట్ దశలో కంట్రోల్ ఫైల్ తెరుచుకుంటుంది. డేటాఫైళ్లు, రీడో లాగ్‌లు ఏ డైరెక్టరీలో ఉన్నాయో అందులోనే రాసి ఉంటుంది కాబట్టి కమాండ్ ఆ జాబితా చదివి ఫైళ్లను చెరిపేస్తుంది. కంట్రోల్ ఫైళ్లు, ఎస్‌పీఫైల్ కూడా పోతాయి.

ఆర్కైవ్ లాగ్‌లు, బ్యాకప్‌లు మాత్రం అలాగే ఉంటాయి. వాటినీ తీసేయాలంటే ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లో డ్రాప్ డేటాబేస్‌కు ‘ఇన్‌క్లూడింగ్ బ్యాకప్స్’ జోడించాలి. ఇది ఇచ్చే ముందు మళ్లీ ఆలోచించాలి, ఎందుకంటే దాచుకోవాల్సిన చివరి బ్యాకప్ కూడా అందులో కొట్టుకుపోవచ్చు.

10జికి ముందు ఈ కమాండ్ లేదు. వీ డాలర్ డేటాఫైల్, టెంప్‌ఫైల్, లాగ్‌ఫైల్, కంట్రోల్‌ఫైల్ వ్యూల నుంచి ఫైళ్ల పేర్లు రాసుకుని, డేటాబేస్ ఆపి, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కొక్కటే చెరిపేవారు. కంట్రోల్ ఫైలే పాడైతే ఇప్పటికీ ఫైళ్లను చేతులతోనే చెరపాలి. లినక్స్‌లో ఇన్‌స్టెన్స్ నడుస్తుండగానే ఫైళ్లు చెరిపితే పేర్లు మాయమవుతాయి గానీ, ప్రాసెస్‌లు వాటిని పట్టుకుని ఉన్నంతసేపూ డిస్కులో చోటు ఖాళీ కాదు. అందుకే ముందు ఆ ఇన్‌స్టెన్స్ పీమాన్ ప్రాసెస్ ఆగిందో లేదో చూస్తారు.

తర్వాత మిగిలిన జాడలు తుడవాలి. ఓరాట్యాబ్‌లో ఆ డేటాబేస్ వరుస, లిజనర్, టీఎన్‌ఎస్‌నేమ్స్ ఫైళ్లలో ఎంట్రీలు, పాస్‌వర్డ్ ఫైల్, ఇనిట్ ఫైల్, ఆడిట్, ట్రేస్ డైరెక్టరీలు, క్రాన్‌లో పెట్టిన బ్యాకప్ స్క్రిప్టులు, మానిటరింగ్ టూల్‌లో నమోదు... అన్నీ చూడాలి. ఆడిట్ విభాగం దాచమన్న ఫైళ్లను ముందే పక్కకు తీసిపెట్టాలి. విండోస్‌లో అయితే ఓరాడిమ్‌తో సర్వీస్‌ను తొలగించాలి. ర్యాక్ క్లస్టర్‌లో ఎస్‌ఆర్‌వీసీటీఎల్‌తో నమోదు తీసేయాలి.

గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగింది?

ఏ సర్వర్‌లో ఉన్నామో సరిచూసుకోకపోతే ఏమవుతుందో చూడండి. 2017 జనవరి 31న కోడ్ హోస్టింగ్ సంస్థ గిట్‌ల్యాబ్‌లో పోస్ట్‌గ్రెస్ రెప్లికేషన్ ఆగిపోయింది. సెకండరీ సర్వర్‌లోని డేటా డైరెక్టరీని ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాలని ఒక ఇంజినీర్ అనుకున్నారు. కమాండ్ నడిచింది మాత్రం ప్రైమరీ సర్వర్‌లో. ఒకట్రెండు సెకన్లలో గుర్తించి ఆపేసరికి దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది.

బ్యాకప్ ఉందనుకున్నారు. కానీ డేటాబేస్ 9.6 వెర్షన్ కాగా బ్యాకప్ టూల్ 9.2 నడుస్తోంది, అది కొంతకాలంగా విఫలమవుతోంది. హెచ్చరిక ఈమెయిళ్లు మెయిల్ సర్వర్ తిరస్కరించడంతో ఎవరికీ చేరలేదు. వేరే పనికోసం ఆరు గంటల ముందు చేతితో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి సరిపోయింది. మధ్యలోని డేటా పోయింది. సంస్థ కోలుకునే ప్రయత్నాన్ని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించి, జరిగినదంతా ఒక నివేదికలో బయటపెట్టింది. ఆ నివేదిక డీబీఏ కావాలనుకునే ప్రతి విద్యార్థీ చదవాల్సిన పాఠం.

అన్ని డేటాబేస్‌లూ ఒకలా ఉండవు

మైఎస్‌క్యూఎల్‌లో డ్రాప్ డేటాబేస్ అంటే ఒక స్కీమా పోతుంది, సర్వర్ నడుస్తూనే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎవరైనా కనెక్ట్ అయి ఉంటే కమాండ్ ఆగిపోతుంది. 13వ వెర్షన్ నుంచి ఫోర్స్ ఆప్షన్ వచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆఫ్‌లైన్‌లో ఉన్న డేటాబేస్‌ను డ్రాప్ చేస్తే ఫైళ్లు డిస్కులోనే ఉండిపోతాయి. రెజ్యూమెలో ఒకటికి మించి డేటాబేస్‌లు రాసుకున్నవారిని ఇంటర్వ్యూలో ఈ తేడాలు అడిగే అవకాశం ఉంది.

సాధన ఎలా?

ఖర్చు పెట్టకుండానే నేర్చుకోవచ్చు. వర్చువల్‌బాక్స్, ఒరాకిల్ లినక్స్, ఒరాకిల్ డేటాబేస్ ఉచిత ఎడిషన్ డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. తగినంత ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్‌కు స్నాప్‌షాట్ తీసుకుని డేటాబేస్‌ను తీసేయండి. తర్వాత ఆ పేరుతో ఏ ఫైళ్లు, ఏ ఎంట్రీలు మిగిలాయో ఫైండ్, గ్రెప్‌లతో వెతికి జాబితా రాయండి. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లి, ఈసారి బ్యాకప్ తీసి, డేటాబేస్‌ను చెరిపేసి, ఆ బ్యాకప్‌తో తిరిగి లేపండి. 19సి ప్రొఫెషనల్ సర్టిఫికేషన్‌కు ఉద్దేశించిన 1జెడ్0-082, 1జెడ్0-083 పరీక్షల్లో నిర్వహణ, బ్యాకప్, రికవరీ అంశాలున్నాయి కాబట్టి ఈ సాధన వాటికీ పనికొస్తుంది.

చేసిన ప్రతి అడుగునూ ఒక రన్‌బుక్‌గా రాసి పెట్టుకోండి: ఏం సరిచూశారు, ఏ కమాండ్ ఇచ్చారు, ఏం వచ్చింది, తప్పితే వెనక్కి వెళ్లే దారి ఏమిటి. అనుభవం కాలమ్‌లో రాయడానికి ఏమీ లేని ఫ్రెషర్, ఇంటర్వ్యూలో ఆ రన్‌బుక్ ముందుపెట్టి ప్రతి అడుగు ఎందుకు వేశారో వివరించగలుగుతారు.