బర్రె పాలు చేపుట - మెదడు చేయు పని

తెల్లవారుజామున పాలచెంబు చప్పుడైన తోడనే బర్రె మెడ త్రిప్పి చూచుటయు, చన్నుల నుండి పాలు బొట్లుగా కారుటయు మన ఉట్నూరు పల్లెల రైతులెల్లరు నెఱిగినదే. దుడ్డె యింకను నోరు పెట్టలేదు. మరి బర్రె యేల చేపెను?

1904లో నోబెల్ బహుమానమందిన రష్యా పండితుడు పావ్లోవ్ కుక్కలయం దిట్టి సంగతినే పరీక్షించెను. తిండికి ముందు ప్రతిసారియు నొక చప్పుడు వినిపింపగా, కొన్నాళ్లకు తిండి లేకున్నను ఆ చప్పుడునకే కుక్కనోట లాలాజల మూరెను.

దుడ్డె చీకునప్పుడు చన్నుల నరములు వెన్నుపాము ద్వారా మెదడునకు వార్త పంపును. మెదడు అడుగున హైపోథలామస్ అను చోట తయారగు ఆక్సిటోసిన్, పిట్యూటరీ గ్రంథి నుండి రక్తములో దిగి, పొదుగులోని సన్నని పాలతిత్తులను పిండును. చెంబు చప్పుడు, తవుడు వాసన దినదినము దీనికి ముందే వచ్చుచుండుటచే మెదడు వానిని గుర్తుగా పట్టుకొనును. పలుమార్లు కలిసి పనిచేసిన నరకణముల నడుమ సంధులు గట్టిపడును. నలుగురు నడువగా చేనిలో కాలిబాట పడినట్లే.

భయమునుగూడ మెదడిట్లే నేర్చుకొనును. ఆ పనిలో ముఖ్యమైనది ఎమిగ్డలా అను భాగము. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనువారు ఆవు వీపుపై పిల్లిని నిలిపి, కాగితపు సంచులు ప్రేల్చి బెదరింపగా నది పాలు బిగబట్టెను. బెదరినప్పుడు ఊరు ఎడ్రినలిన్ చేపుటకు అడ్డుపడును. బర్రెకిది మరింత నష్టము: పొదుగు క్రింది గదిలో తేలికగా దిగు పాలు నూటికి సుమారు 5 పాళ్లే, తక్కినవి చేపిననే వచ్చును.

మే మెఱిగిన యొక సభ్యుడు, దుడ్డె చచ్చిన బర్రె తన్నుచున్నదని కట్టెతో బాదెను. కొలది దినములలో నాతని యడుగుల చప్పుడునకే అది బిగుసుకొని నిలుచుండెను. పిమ్మట సూదిమందునకు దిగెను. పాలకై పశువు ఆరోగ్యమునకు చెఱుపు చేయు సూది వేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 12వ విభాగము ప్రకారము నేరము. ఈ మాట చెప్పినప్పుడు ఆయన మాపై కినిసెను.

కట్టె మాన్పించితిమి. పాలు పిదుకుట ఇల్లాలు చేపట్టెను. ఒకే వేళకు తవుడు పెట్టి, గోరువెచ్చని నీట పొదుగు కడిగి, చేపిన వెంటనే ఆలస్యము లేక పిదికెడిది, ఏలనన ఆక్సిటోసిన్ రక్తములో కొన్ని నిమిషములే నిలుచును. పాత భయము చెరిగిపోదు; దానిపై క్రొత్త నేర్పు పరచుకొనును, అంతే. కావున నడుమ నొకనా డాయన చేయి చేసికొనగా రెండు వారముల శ్రమ వృథా యయ్యెను. మరల మొదలిడవలసి వచ్చెను. ఇప్పుడా బర్రె ఇల్లాలి గాజుల చప్పుడునకే చేపుచున్నది. ఆయన కొట్టము వాకిట నిలిచిన మాత్రము నేటికిని చెవులు నిక్కించును.