చేయి చాపిన చోట ఏమున్నది?

పాఠ్యభాగము: దానియేలు 1:8–16



రాజు భోజనమును ముట్టకూడదని దానియేలు మనస్సులో నిశ్చయించుకొనెనని మనమందరము ఎరుగుదుము. అయితే పిమ్మట అతడు చేసిన పనిని తరచుగా గమనింపము. రాజు పంపిన పదార్థములను ఎదుట పెట్టుకొని దినదినము తన మనస్సుతో పోరాడుచు కూర్చుండలేదు. నియామకునితో మాటలాడి, పది దినములు శాకధాన్యములును నీళ్లును ఇప్పింపుమని వేడుకొనెను. నిశ్చయము హృదయములో చేసికొనెను. మార్పు వడ్డనలో చేయించెను. ఈ భాగము బరువు తగ్గుటను గూర్చి వ్రాయబడినది కాదు. అయినను బరువు తగ్గగోరువారికి ఇందులో మంచి పాఠము గలదు.

మన వినుకొండ ప్రాంతమున జొన్న సంకటి తిని, పొలమునకు నడచిపోయి కష్టించిన పెద్దలను మనమెరుగుదుము. నేడు అనేకుల యిండ్లలో వరి అన్నము హెచ్చినది, నడక తగ్గినది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినయెడల మధుమేహము, గుండెజబ్బుల అపాయము హెచ్చునని వైద్యులు చెప్పుదురు. క్రొత్త సంవత్సరపు ఆరాధనలో తీర్మానము చేసికొందుము. నెల తిరుగకమునుపే మరతుము. ఎందుచేత?

అమెరికా దేశపు పండితులు రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ అనువారు 2008లో ప్రచురించిన గ్రంథములో దీనిని వివరించిరి. మనుష్యుడు ప్రతిసారి ఆలోచించి ఎన్నుకొనడు. ఎదుటనున్నదానిని, సులువుగా అందినదానిని తీసికొనును. కాబట్టి నిషేధింపక, బలవంతపెట్టక, మేలైనదానిని చేతికి దగ్గరగా నుంచవలెను. 2025 మే నెలలో సి.బి.ఎస్.ఇ. తన పాఠశాలలలో పంచదార బోర్డులు పెట్టుమని కోరుటయు ఇట్టిదే. ఏ తినుబండారములో ఎంత పంచదార యున్నదో చూచిన పిల్లవాడు తానే ఆలోచించుకొనును.

మన యింట చేయదగినవి మూడు.

మొదటిది, టీ. రెండేసి చెంచాల పంచదారతో దినమునకు మూడు టీలు త్రాగినయెడల సుమారు 30 గ్రాములు, అనగా 120 కేలరీలగును. పంచదార కలుపక టీ కాచి, డబ్బాను లోపలి అలమరలో నుంచుడి. కావలసినవారు లేచి తెచ్చుకొందురు.

రెండవది, పళ్లెము. సగము పళ్లెము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచున్నది. కనుక కూర ముందు, అన్నము తరువాత వడ్డింపుడి. అన్నపు గిన్నెను వంటయింటనే యుంచుడి.

మూడవది, నూనె. గ్రాము నూనెలో 9 కేలరీలున్నవి. డబ్బానుండి వంపక చెంచాతో కొలిచి పోయుడి.

సంఘపు ప్రేమవిందులోను ఇట్లే చేయవచ్చును. వద్దన్నవారికి మరల మరల వడ్డించుట ప్రేమయని తలంతుము. మధుమేహముతో బాధపడు సహోదరికి అది సహాయము కాదు, శోధన. అడిగినవారికి ఎంతైనను పెట్టుదము. అడుగనివారి పళ్లెమును విడిచిపెట్టుదము.

ఒక హెచ్చరిక. ఇవి చిన్న తోడ్పాటులే. బరువు మెల్లగానే తగ్గును. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని అడుగక ఆహారము తగ్గింపరాదు. గర్భిణులకు, ఎదుగు పిల్లలకు, బక్కచిక్కిన కూలివారికి ఈ పాఠము వర్తింపదు. లావుగానున్నవారిని ఎవరును ఎగతాళి చేయరాదు.

ఆలోచించుటకు:
1. మన వంటయింట మొదట చేతికందునది ఏది?
2. రాబోవు పది దినములు ఏ ఒక్క వస్తువు స్థానమును మార్చెదము?
3. ఇంటివారిలో ఎవరి సహాయము అడిగెదము?