7.4 తొలి వాకీటాకీ ఎంపిక

గత పాఠంలో మీరు అమెచ్యూర్ రేడియో పరీక్ష గురించి చదివారు. లైసెన్సు అందుకున్న వారిలో చాలామంది మొదట కొనేది వాకీటాకీ. హామ్‌లు దీనిని "హ్యాండీ" అంటారు. తక్కువ ఖర్చులో దీనిని ఎలా ఎంచుకోవాలో ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందుగా ఒక హెచ్చరిక. లైసెన్సు రాకముందు సెట్టు కొనకండి. మన దేశంలో ఇటువంటి సెట్టును లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. "లైసెన్సు అక్కర లేదు" అని అమ్మే సెట్లు వేరు. 2018లో ప్రభుత్వం 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి సెట్లకు ఆ మినహాయింపు ఇచ్చింది. అవి మీకు పనికిరావు. మీకు కావలసినవి 144-146, 434-438 మెగాహెర్ట్జ్ పట్టీలు. దుకాణదారును బిల్లుతోపాటు పరికర ఆమోద పత్రం కూడా అడగండి. ఇవ్వనంటే మరో దుకాణం చూసుకోండి.

ఇక శక్తి సంగతి. పెట్టె మీద 5 వాట్లు, 8 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాస్తారు. 5 నుండి 8కి పెరిగితే లాభం 2 డెసిబెల్స్ మాత్రమే. అవతలి గ్రాహకం మీటరులో ఒక మెట్టు కదలాలంటే 6 డెసిబెల్స్ కావాలి! పైగా బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది.

ఈ పౌనఃపున్యాలలో దూరాన్ని నిర్ణయించేది ముఖ్యంగా ఎత్తు. యాంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. చేతిలో ఉన్న సెట్టు ఎత్తు ఒకటిన్నర మీటర్లు అనుకుందాం. దిగంతం 5 కి.మీ. ఇద్దరూ నేల మీదే ఉంటే, అడ్డంకులు లేని మైదానంలో సుమారు 10 కి.మీ. మీరు 9 మీటర్ల ఎత్తున యాంటెనా పెడితే మీ దిగంతం 12 కి.మీ. దాటుతుంది, మొత్తం దూరం 17 కి.మీ. అవుతుంది. సెట్టు మారలేదు, వాట్లు మారలేదు. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగదైర్ఘ్యపు తీగ సుమారు అర మీటరు, ఇంట్లోనే చేసుకోవచ్చు.

బావోఫెంగ్ యూవీ-5ఆర్ వంటి చైనా సెట్లు చవక. రెండు పట్టీలూ ఉంటాయి; నేర్చుకోవడానికి సరిపోతాయి. కాని లోపాలు తెలిసి కొనాలి. నగరంలో బలమైన ప్రసారాల నడుమ వీటి గ్రాహకం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కొన్నిటిలో 145 మెగాహెర్ట్జ్‌తోపాటు 290 దగ్గర కూడా అనవసర తరంగాలు వెలువడతాయి. వీలైతే అనుభవమున్న హామ్ చేత పరీక్ష చేయించండి. ఇంకొక మాట: ఇవి 136 నుండి 174 మెగాహెర్ట్జ్ వరకు ప్రసారం చేయగలవు. చేయగలవు గనుక చేయవచ్చని కాదు. అక్కడ ఇతర శాఖల వారు పనిచేస్తుంటారు.

కొనేముందు మీ ఊరికి అందే రిపీటరు ఉందో లేదో స్థానిక హామ్‌లను అడగండి. ఉంటే దాని టోను, పౌనఃపున్యాల తేడా (మన దగ్గర 2 మీటర్ల పట్టీలో సాధారణంగా 600 కిలోహెర్ట్జ్) సెట్టులో అమర్చుకోవాలి. ప్రోగ్రామింగ్ కేబుల్ ఉంటే శ్రమ తగ్గుతుంది. అదనపు బ్యాటరీ దొరకని సెట్టు ఎంత చవకైనా వద్దు. తుఫాను రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ బ్యాటరీయే ఆధారం.

అలాగని హ్యాండీ నుండి అతిగా ఆశించకండి. 2004 డిసెంబరు సునామీ వేళ భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుండి ప్రధాన భూభాగానికి సమాచారం చేరవేసింది హెచ్.ఎఫ్. సెట్టుతో. హ్యాండీ పరిధి ఊరు, చుట్టుపక్కల గ్రామాలు.

మీరే చేయండి: ఒక సెట్టు 5 వాట్లు, మరొకటి 8 వాట్లు. రెండవదాని ధర 900 రూపాయలు ఎక్కువ. మీ డాబా ఎత్తు కొలిచి, ఆ 900 రూపాయలను దేనిపై ఖర్చు చేస్తారో లెక్కతో సహా రాయండి.