చోటు మారిన పిల్లి

ఒకచోట నిలువక ఇటునటు తిరుగు మనుష్యుని 'కాలుగాలిన పిల్లి' యందుము. తల్లిపిల్లి తన పిల్లలను నోట గఱచుకొని ఏడిండ్లు త్రిప్పునని కూడ చెప్పుకొందుము. ఈ మాటలు విన్నవారు పిల్లికి చోటు మారుట సులభమని తలంపవచ్చును. నిజమట్లు కాదు. తల్లిపిల్లి తన యిష్టముచేత, తానెరిగిన యిండ్ల నడుమనే, పిల్లల క్షేమము కొఱకు చోటు మార్చును. ఇష్టము లేకయే, హఠాత్తుగా, ఎరుగని చోటికి చేర్చబడిన పిల్లి మాత్రము మిక్కిలి భయపడును.

మన గోదావరి సీమలో ఇట్టి సందర్భములు అరుదు కావు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ అనేక లంకగ్రామములు కలవు. ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీటిమట్టము 17.75 అడుగులు చేరినచో మూడవ ప్రమాద హెచ్చరిక నిత్తురు. 1986 ఆగస్టులో అచ్చట సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరదనీరు ప్రవహించెను. 2022 జూలైలోను అది 25 లక్షల క్యూసెక్కులను దాటెను. అట్టి దినములలో లంకవాసులు పడవలెక్కి గట్టు చేరుదురు. పశువులను మెరకకు తోలుదురు. కోళ్ళను గంపలలో పెట్టుదురు. ఇంటి పిల్లిని పట్టి తెచ్చినను, అది పునరావాస కేంద్రమున ఒక మూలజేరి అన్నము ముట్టదు. చేయి చాపిన బుసకొట్టును. నిన్నటివరకు ఒడిలో పండుకొన్న పిల్లి నేడిట్లు మారుటకు కారణమేమి?

మనము చోటును కంటితో గుర్తింతుము. పిల్లి ముఖ్యముగా వాసనతో గుర్తించును. దాని చెక్కిళ్ళయందు, గడ్డమునందు, పాదములయందు వాసననిచ్చు గ్రంథులు కలవు. గుమ్మమునకును, మంచపుకోళ్ళకును అది మొగము రాచుట కేవలము గారాబము కాదు. 'ఇది నా చోటు' అని వ్రాసికొను వ్రాత యది. ఎరుగని చోట ఆ వ్రాత యొక్కటియు కానరాదు. పైగా మనకు వినబడని సన్నని ధ్వనులు కూడ దానికి వినబడును. జనులు క్రిక్కిరిసిన చోట అదెంత తల్లడిల్లునో మనమూహింపవచ్చును.

కావున మొట్టమొదట దానికి దాగుకొను చోటు కల్పింపవలెను. 2014లో నెదర్లాండ్సు దేశపు పండితులు ఒక జంతుశరణాలయమునకు క్రొత్తగా వచ్చిన 19 పిల్లులను పరిశీలించిరి. కొన్నిటికి దాగుటకు పెట్టె నిచ్చి, కొన్నిటికి ఇయ్యలేదు. పెట్టె గల పిల్లులు త్వరగా కుదుటపడెను. మనకు ఒక అట్టపెట్టెయో, బోర్లించి ఒకవైపు ఎత్తిపెట్టిన గంపయో చాలును. అందు పాత యింటి దుప్పటి ముక్కను ఉతుకకయే పరవవలెను. ఆ వాసనయే దానికి పాత యిల్లు. ఒక ప్రక్క నీరును, ఆహారమును ఉంచి, దూరముగా నొక పళ్ళెములో ఇసుక పోయవలెను.

పిల్లిని బలవంతముగా బయటికి లాగరాదు. దాని కన్నులలోనికి తేఱిపాఱ చూడరాదు. కొంచెము దూరమున కూర్చుండి, కనురెప్పలను మెల్లగా వాల్చి, మెల్లగా తెఱవవలెను. ఇట్లు చేసిన మనుష్యుని వద్దకు పిల్లులు వచ్చుట కెక్కువ ఇష్టపడునని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిరి. భయపడిన పిల్లి కఱచినను, రక్కినను, గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు పాఱునీట కడిగి, వెంటనే వైద్యశాలకు పోవలెను. ఈ విషయమును పెద్దలకడ దాచరాదు.

ఉడికించి ముల్లుతీసిన చేపను కొద్ది అన్నముతో కలిపి పెట్టవచ్చును. పాలు ప్రియమైనను ఎదిగిన పిల్లులలో పెక్కింటికి అరుగవు. ఒకపూట తినకున్న కంగారు వలదు. ఒక పగలు, ఒక రాత్రి గడచినను ఏమియు ముట్టనిచో పశువైద్యునికి చూపవలెను. దినముల తరబడి ఉపవాసమున్న పిల్లికి కాలేయము చెడును. మూత్రము రాక ముక్కుచున్న మగపిల్లిని క్షణమైనను జాగు చేయక కొనిపోవలెను.

పిల్లి తినుచున్నది, ఆడుచున్నది గదా యని తొందరపడి తలుపు తెఱవరాదు. పాత యింటికై బయలుదేరిన పిల్లి త్రోవలో తప్పిపోవచ్చును. క్రొత్త యింట స్థిరపడవలసి వచ్చినచో రెండు మూడు వారములు లోపలనే యుంచి, పిమ్మట ఆకలిగొన్న వేళ, మనము వెంటనుండగా, కొద్దిసేపు విడువవలెను.

వరద తీసి లంకకు మరలినను కష్టము తీరినట్లు కాదు. గోడలు తడిసి, ఇల్లంతయు ఒండ్రు వాసన కొట్టుచుండును. పిల్లి వ్రాసికొన్న గుర్తులన్నియు ఏటి పాలైనవి. తన యింటనే అది పరాయిదగును. కనుక దుప్పటిముక్కను, పెట్టెను వెంట తెచ్చి మొదటినుండి ఓర్పుతో చేయవలెను. ఒకనాడది తానై వచ్చి గుమ్మమునకు చెక్కిలి రాచినచో, ఆ యిల్లు మరల దానిదైనదని గ్రహింపుడు.

బాలలారా! మీ తరగతికి వరదగ్రామమునుండి క్రొత్త విద్యార్థి వచ్చి, ఎవరితో పలుకక చివరిబల్లపై కూర్చుండవచ్చును. వానిని ప్రశ్నలతో చుట్టుముట్టకుడు, పరిహసింపకుడు. ప్రక్కన చోటిచ్చి వేచియుండుడు. భయపడిన ప్రాణికి మనమీయదగిన మొదటి సాయము అదియే.