రేవు తాత లెక్క

చిరంజీవి అమ్మలుకి,

నాయనమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి ఈ ఏడు విరగ్గాసింది. ఆత్రేయపురం వెళ్లినవాళ్లతో తెప్పించిన తాండ్ర నీ పేరు చెప్పి డబ్బాలో దాచింది, నన్ను ముట్టుకోనివ్వడం లేదు. మొన్న వీడియోలో నువ్వు ‘వచ్చే శనివారం ఎనిమిదిమందిమి కలిసి ఇక్కడ టెక్సస్‌లో ట్రావిస్ లేక్‌లో బోటు అద్దెకి తీసుకుంటున్నాం తాతయ్యా, మేమే నడుపుకుంటాం’ అంటే మంచిదే తల్లీ అన్నాను గాని, ఆ రాత్రి చాలాసేపు వాకిట్లో మంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాను. గోదారి ఒడ్డున పుట్టినవాడివి, నీకు నీళ్లంటే భయమేంటని నవ్వావు కదూ. ఆ ఒడ్డున పుట్టినవాడికే తల్లీ ఆ భయం ఉండేది. మా అమ్మ దానికి మర్యాద అని పేరు పెట్టింది. రేవులో అడుగు పెట్టేముందు వంగి నాలుగు చుక్కలు తలమీద చల్లుకోకుండా ఆవిడ ఏనాడూ నీళ్లలోకి దిగలేదు. ఫోన్లో చెబితే మధ్యలో నీకు ఇంకో కాల్ వచ్చేస్తుంది, అందుకే కాగితం మీద రాసి పక్కింటి కుర్రాడిచేత ఫొటోలు తీయించి పంపుతున్నాను. తీరిగ్గా చదువుకో.

నేను సఖినేటిపల్లి రేవు దాటి నరసాపురం కాలేజీకి వెళ్లే రోజుల్లో, తెల్లారకుండానే పాలబిందెలూ కూరగాయల గంపలూ సైకిళ్లూ మేమూ అందరం ఒకే పడవలో ఇరుక్కునేవాళ్లం. ఆ పడవ నడిపే ఆయన్ని మేమంతా రేవు తాత అనేవాళ్లం. అసలు పేరు ఏదైనా ఉందేమో అడగాలని కూడా మాకెవరికీ తోచలేదు. ఆయన గెడ తీసే ముందు ప్రతిసారీ ఒక పని చేసేవాడు. ముందు నుంచి వెనక్కి నడుస్తూ ఒక్కొక్కరి తలమీదా చెయ్యి ఆనించి లెక్కపెట్టేవాడు. పెద్దవాళ్ల తల ముట్టుకోకుండా భుజం తాకేవాడు. లావుపాటి వాళ్లని మధ్యకి జరిపేవాడు, గంపలు అడుగున పెట్టించేవాడు. అవతలి గట్టున దిగేటప్పుడు మళ్లీ అదే లెక్క. ఒకసారి పెళ్లివారు, ముహూర్తం దాటిపోతోందని, వద్దన్నా వినకుండా లెక్కకి మించి ఎక్కేశారు. ఆయన ఒక్క మాట అనలేదు, గెడ అడ్డంగా ఒళ్లో పెట్టుకుని గోదారి వైపు చూస్తూ కూర్చున్నాడు. తిట్టారు, బతిమాలారు, డబ్బిస్తామన్నారు. ముగ్గురు దిగేదాకా ఆయన లేవలేదు. ఆ ముగ్గురినీ రెండో విడతలో, తన టీ కూడా మానుకుని, వాళ్లొక్కళ్లనే తీసుకెళ్లి దించి వాళ్ల దగ్గర పైసా పుచ్చుకోలేదు. ఇప్పటికి యాభై ఏళ్లు దాటింది, ఆ పెళ్లికూతురి ముఖం నాకు గుర్తు లేదు గాని ఒళ్లో ఉన్న ఆ గెడ గుర్తుంది.

మీరు తీసుకునే పాంటూన్ బోటు బొమ్మ చూపించావు కదా, రెండు పొడుగాటి గొట్టాల మీద చదునైన బల్ల పరిచినట్టు, చుట్టూ కటకటాలతో, చూడ్డానికి రేవు దాటించే మన పంటు తమ్ముడిలా ఉంది. అయితే అందులో రేవు తాత ఉండడు. పావుగంట చెప్పి, సంతకం పెట్టించుకుని, తాళం మీ చేతిలో పెట్టేస్తారు. ఎనిమిదిమందీ స్నేహితులే, ఎవరికి వాళ్లు ఇంకొకరు చూసుకుంటున్నారులే అనుకుంటారు. ఆ ఒక్కటే నన్ను నిద్రపోనివ్వలేదు. మీ ఎనిమిదిమందిలో ఒకళ్లు రేవు తాత అవ్వాలి, అది నువ్వే అవ్వాలని నా కోరిక.

నీకది కష్టమని తెలుసు. నీకు కాదనడం రాదు. తొమ్మిదేళ్లప్పుడు పాపికొండలకి లాంచీలో వెళ్లామే, గుర్తుందా? ఎవరో చిన్నపిల్ల తనకి లైఫ్ జాకెట్ సరిపోలేదని ఏడుస్తుంటే నువ్వు నీది విప్పి వాళ్లమ్మ చేతిలో పెట్టొచ్చి, నా పక్కన ఏమీ ఎరగనట్టు కూర్చుని పల్లీలు తిన్నావు. నేనది చూసి గర్వంతో పొంగిపోయాను, వెళ్లి ఇంకో జాకెట్ అడిగి తేవాలన్న జ్ఞానం ఆ పూట నాకు కలగలేదు. తర్వాత 2019 సెప్టెంబర్ 15న, ఐదు లక్షల క్యూసెక్కుల వరదలో, కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిన వార్త టీవీలో వస్తుంటే నాకు కళ్లముందు నీ చిన్న చేతులే కనిపించాయి, ఆ జాకెట్ బకిల్ విప్పుతూ. ఆ బోటుని బయటికి తీయడానికి ఐదు వారాలు దాటిపోయింది. ఆ రోజు ఎవరూ పిలవకుండానే చిన్న చిన్న పడవలేసుకుని వరదలోకి వెళ్లి మనుషుల్ని లాగి ఒడ్డున పడేసినవాళ్లు అక్కడి తూటుగుంట పల్లెవాళ్లు. నీ మంచితనం వాళ్ల మంచితనం లాంటిదే. కాని తల్లీ, నీ జాకెట్ మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఎవరికైనా తక్కువైతే బోటు కదలక ముందే ఇంకోటి అడుగు, లేదంటే బోటు కదలనివ్వకు. పిల్లలెవరైనా వస్తే వాళ్ల కొలతది వేరే అడుగు. టెక్సస్‌లో పదమూడేళ్ల లోపు పిల్లలకి, బోటు కదులుతున్నంతసేపూ ఒంటిమీద ఉండాల్సిందేనని నియమం.

పక్కింటి కుర్రాడు మీ అమెరికా కోస్ట్ గార్డు వాళ్ల లెక్కలు చదివి వినిపించాడు. 2023లో ఆ దేశం మొత్తం మీద పడవ ప్రమాదాల్లో 564 మంది పోయారట. కారణం తెలిసినవాళ్లలో నూటికి 75 మంది మునిగిపోయినవాళ్లే. ఆ మునిగినవాళ్లలో నూటికి 87 మంది జాకెట్ వేసుకోలేదు. చాలా బోట్లలో సీటు కింద జాకెట్లు మడతలు విప్పకుండా ఉండే ఉంటాయి. పడవ ఒరిగే క్షణంలో సీటు ఎత్తి వెతుక్కోవడం ఎవరి తరం? వేసుకున్నాక నీ స్నేహితురాలిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడమను, గడ్డం దాటి చెవులదాకా లేచిందంటే అది నీ కొలత కాదు.

ఆ కుర్రాడే ఇంకో మాట చెప్పాడు. 1993 సెప్టెంబర్ 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు టెక్సస్‌లో 15 హార్స్‌పవర్ మించిన ఇంజను బోటు నడపాలంటే బోటు పాఠం చదివి పరీక్ష రాయాలట. మీలో నడిపేదెవరో ఇప్పుడే తేల్చుకుని, శనివారం దాకా ఆగకుండా ఆ పాఠం పూర్తి చెయ్యండి. చుక్కాని పట్టేవాళ్లు ఆ రోజు బీరు ముట్టకూడదు, అందులో మొహమాటం లేదు. మణికట్టుకో జాకెట్‌కో తగిలించుకోమని ఇచ్చే ఎర్రతాడు ఒకటుంటుంది, నడిపేవాళ్లు నీళ్లలో పడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. 2021 నుంచి 26 అడుగులలోపు బోట్లకి అది తగిలించుకోవడం అక్కడ చట్టం. చేతికడ్డమని తీసి పక్కన పెట్టనివ్వకు.

ఎంతమంది ఎక్కొచ్చో, ఎంత బరువు మొయ్యగలదో ఇలాంటి బోట్లకి మామూలుగా ఒక పలక మీద రాసి అంటించి ఉంటుంది. నువ్వు ఎక్కగానే ముందు అది చదువు. కూలర్లూ సంచులూ కూడా బరువే. ఫొటోలకని అందరూ ఒకే వైపుకి పరిగెత్తకండి. 2009 సెప్టెంబర్ 30న కేరళలో తేక్కడి దగ్గర అడవి జంతువుల్ని చూద్దామని జనమంతా ఒక పక్కకి చేరిన బోటులో 45 మంది పోయారు. ఆ వార్త మన పేపర్లో చదివి మీ నాన్న ఆ ఏడాది మా శబరిమల యాత్రలో మమ్మల్ని అక్కడికి పోనివ్వలేదు. ముందు గేటు దాటి బల్ల అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం చాలా సరదాగా ఉంటుందట, కాని అక్కడినుంచి జారినవాళ్లు తిన్నగా బోటు కిందికీ, ఇంజను రెక్కల మీదికీ వెళతారు. ఎవరైనా ఈతకి దిగేముందు ఇంజను పూర్తిగా ఆపించు. ఇంజను తిరుగుతుండగా వెనక బల్ల దగ్గర ఎవరినీ కూర్చోనివ్వకు, దాని పొగలో ఉండే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, నిద్ర వచ్చినట్టే ఉంటుంది.

ఆ ట్రావిస్ సరస్సు గురించి అడిగి తెలుసుకున్నాను. కొలరాడో నదికి ఆనకట్ట కట్టగా ఏర్పడిందట, అరవై మైళ్లకు పైగా పొడవట, నీటిమట్టం తగ్గినప్పుడు ‘సమ్‌టైమ్స్ ఐలాండ్స్’ అని దిబ్బలు తేలతాయట. విని నవ్వొచ్చింది, మన లంకల్లాంటివే కదా, ఒకప్పుడు ఉంటాయి, ఒకప్పుడు గోదారి కిందకి పోతాయి. అంటే నిన్న లోతున్నచోట ఇవాళ రాయి ఉండొచ్చు. కొండల మధ్య నది కాబట్టి ఒడ్డున రెండడుగులు వేస్తే మూడో అడుగుకి నేల అందకపోవచ్చు. లోతు తెలియనిచోట తలకిందులుగా దూకనివ్వకు.

నాకు పన్నెండేళ్లప్పుడు దసరా సెలవల్లో నలుగురం కలిసి మా మేనమామ దోనె చెప్పకుండా తీసుకుని పాయలోకి వెళ్లాం. ఎవరికీ చెప్పలేదు, అది మొదటి తప్పు. మధ్యలో ఒకడు తామరపువ్వు కోసం లేచి నిలబడ్డాడు. అంతే. నీళ్లలో పడ్డాక ఒడ్డు చాలా దగ్గరగా కనిపించింది, ఈదేద్దామని నా మనసు లాగింది. కాని చిన్నప్పటినుంచీ వింటున్న రేవు తాత మాట చెవిలో పడ్డట్టయింది: ‘పడవ బోర్లా పడ్డా పడవే, దాన్ని వదలొద్దు.’ నలుగురం బోర్లాపడ్డ దోనె పట్టుకుని అరిచాం. ఆయనే వచ్చాడు. తిడతాడనుకున్నాం, తిట్టలేదు. ముందు నాలుగు తలలూ ముట్టుకుని లెక్కపెట్టాడు. తన తుండుతో మా తలలు తుడిచి, తను తినాల్సిన చద్దన్నం ఉల్లిపాయతో నలుగురికీ పంచి, మా ఇంటికి కబురు పెట్టకుండా మమ్మల్నే వెళ్లి చెప్పమన్నాడు. ఆ చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

అందుకే చెబుతున్నా. బోటు పక్కన ఈదుతుంటే గాలి బోటుని మీకన్నా వేగంగా నెట్టుకుపోతుంది. దాని వెంట పడి ఈది అలిసిపోయి ఊపిరి పోగొట్టుకున్నవాళ్లున్నారు. లంగరు వెయ్యండి, ఎవరో ఒకరు బోటులోనే ఉండాలి, అందరూ ఒకేసారి దిగొద్దు. మబ్బు పట్టినా ఉరుము వినిపించినా అద్దె గంట మిగిలిందని చూడకుండా తిరిగొచ్చెయ్యండి. ఒడ్డున ఉండే మీ రూమ్మేట్ ఎవరికైనా ఎటు వెళతారో, ఎన్నింటికి వస్తారో రాసి ఇవ్వు. ఫోను నీళ్లు చేరని కవర్లో వేసి మెళ్లో వేసుకో. జాకెట్‌కి ఒక ఈల కట్టుకో. నిన్ను అతిగా భయపడుతున్నావని ఎవరైనా అంటే, మా తాతయ్య గోదారోడు, ఇలాగే నేర్పాడు అని నా మీదకి నెట్టెయ్యి. నేను మోస్తాను.

మీరు సాయంత్రం ఆరింటికి బోటు అప్పజెప్పేటప్పటికి ఇక్కడ ఆదివారం తెల్లవారుజాము నాలుగున్నర. నాయనమ్మ ఆ వేళకి లేచి వాకిలి చిమ్ముతుంది. నేను మంచం మీద ఫోను పక్కన పెట్టుకుని ఉంటాను. ఫొటోలు తర్వాత పంపొచ్చు, కబుర్లు నిద్రపోయి లేచాక చెప్పొచ్చు. దిగాక, తలలు లెక్కపెట్టి, ఒక్క ‘8’ అని పంపు.

నీ
తాతయ్య